జీరంగి వీపు మీద తెల్ల మచ్చ



వానలు మొదలైన రెండు మూడు వారాలకు మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం తస్వీర్లు రావడం మొదలవుతుంది. శామీర్‌పేట చెరువు కట్ట మీదనో, మేడ్చల్ దాటాక ఏదో వెంచర్ పక్కన ఇంకా మిగిలిన తుమ్మల్లోనో పిల్లలు ఫోన్‌తో తీసినవి. ఆకుపచ్చ జీరంగి, లొట్టపీసు ఆకు మీద బంగారు రంగు తాబేలు పురుగు, జిల్లేడు పువ్వు మీద నల్ల తుమ్మెద. పురుగు ఖూబ్‌సూరత్, పిల్లల షౌక్ అంతకన్నా ఖూబ్‌సూరత్. తస్వీర్ మాత్రం ఖరాబ్. నడి వీపు మీద సున్నం బొట్టు పెట్టినట్టు ఒక తెల్ల మచ్చ, మిగతాదంతా చీకటి. ఫ్లాష్ కొట్టిన చోటు అది.

కింద వచ్చే జవాబులు కూడా ప్రతి సాల్ అవే. ఒక మామూ "మంచి కెమెరా కొనుక్కో బేటా" అంటాడు. ఒక భాయీజాన్ "యాప్‌లో పెడితే మచ్చ పోతది" అంటాడు. ఇంకొకరు "ఫ్లాష్ మీద తెల్ల టేపు అంటించు" అని మష్వరా ఇస్తారు. నా రాయ్‌లో మొదటిది ఫుజూల్ ఖర్చు, రెండోది ఝూట్, మూడోది సగం ఇల్మ్. ఈ సగం ఇల్మ్‌తోనే ఎక్కువ నుక్సాన్, ఎందుకంటే టేపు అంటించి చూసి, మచ్చ పోకపోతే పిల్లలు "మన ఫోనే ఇంత" అని షౌక్ వదిలేస్తారు.

అసలు ఆ మచ్చ ఏమిటో బావర్చీఖానాలోనే తెలుస్తుంది. ఒక స్టీలు చెంచా తీసుకోండి. లోపలి వైపు వద్దు, ఉబ్బిన వైపు. గదిలో లైటు తగ్గించి ఫోన్ టార్చి దాని మీద వేయండి. చెంచా మీద సూది మొనంత చుక్క కనబడుతుంది, కళ్ళు జిగేలుమనేంత తేజ్‌గా. ఇప్పుడు టార్చికీ చెంచాకీ మధ్య ఒక తెల్ల కాగితం పట్టండి, చెంచాకు దగ్గరగా, టార్చికి జానెడు దూరంగా. చుక్క పోయి, పాల మీగడలాంటి పెద్ద తెలుపు పరుచుకుంటుంది. దాని గుండా చెంచా మీది గీతలు కూడా కనబడతాయి. ఇప్పుడు అదే కాగితాన్ని టార్చి మూతికి అంటించి చూడండి. చుక్క మళ్ళీ చుక్కే. కాస్త మసకబారింది, అంతే.

జీరంగి వీపు ఆ చెంచాయే. మెరిసే పురుగు మీద కనబడే తెల్ల మచ్చ ఎక్కడి నుంచో వచ్చిన దాగ్ కాదు, అది మీ ఫ్లాష్ మొహమే. పురుగు ఒక ఉబ్బెత్తు ఆయినా, కారు పక్క అద్దం లాంటిది. అందులో ఫ్లాష్ తన షకల్ చూసుకుంటోంది. ఫ్లాష్ చిన్నదైతే ఆ ప్రతిబింబం చిన్నది, రోష్నీ అంతా ఆ కాస్త చోటులోనే ఇరుక్కుని మండిపోతుంది. ఫ్లాష్ పెద్దదైతే అంతే రోష్నీ పెద్ద జాగాలో పరుచుకుంటుంది, ఏ ఒక్క చోటా మండదు. బజారులో దొరికే గుండ్రటి రింగ్ లైటుతో తీసిన తస్వీర్లు చూడండి, పురుగు వీపు మీద తెల్ల గాజు పెట్టినట్టు ఉంటుంది. రెండు తలల ఫ్లాష్ అయితే రెండు చుక్కలు. ఏది పెడితే అది కనబడుతుంది.

కొందరు ఉస్తాదులు "ఫ్లాష్ పక్కకు జరుపు, మచ్చ తప్పుకుంటుంది" అంటారు. ఫొటో ఫ్రేము అద్దమైతే తప్పుకుంటుంది, ఎందుకంటే అది చదును. గుండ్రటి వీపు మీద తప్పుకోదు. మీరు ఎటు జరిపినా, ఆ వంపులో ఎక్కడో ఒక చోటు ఫ్లాష్‌నీ లెన్స్‌నీ కలుపుతూనే ఉంటుంది. మచ్చ వీపు మీద నుంచి తల మీదికి పోతుంది, ఇల్లు మారిన కిరాయిదారులాగా.

కాబట్టి ఇలాజ్ ఒకటే. పురుగు కంటికి మీ రోష్నీ ఎంత పెద్దగా కనబడుతుందనేది మార్చాలి. హిసాబ్ సులువు. మామూలు కెమెరా ఫ్లాష్ మొహం సుమారు 7 సెంటీమీటర్లు పొడుగు, 4 వెడల్పు, అంటే 28 చదరపు సెంటీమీటర్లు. దాని ముందు 20 సెంటీమీటర్ల చదరపు తెల్ల పరదా నిలబెట్టి, పరదా అంతటా రోష్నీ పరుచుకునేలా చేస్తే 400. దూరం అదే అయితే, పురుగు మీద పడే మొత్తం వెలుగు మార్చకుండానే మచ్చ తీవ్రత 14వ వంతుకు పడిపోతుంది. ఆ పరదాను 30 సెంటీమీటర్ల నుంచి 10కి దగ్గర చేస్తే అది పురుగుకు మూడింతలు వెడల్పుగా, మూడింతలు పొడుగ్గా కనబడుతుంది, అంటే ఇంకో తొమ్మిదింతల వరకు లాభం. ఈ రెండూ కలిపి ఎంత అవుతుందో మీరే గుణించుకోండి. దీనికి కెమెరా కీమత్‌తో ఏ తాలూక్ లేదు. లక్ష రూపాయల కెమెరాకు చిన్న ఫ్లాష్ పెట్టినా మచ్చ వస్తుంది, పాత ఫోన్‌కు పెద్ద పరదా పెట్టినా పోతుంది.

టేపు అంటించడం ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే తెలుస్తుంది. టేపు ఫ్లాష్‌ను పెద్దది చేయదు, గుడ్డిది చేస్తుంది. ఫ్లాష్‌కూ పరదాకూ మధ్య ఫాస్లా ఉండాలి, అప్పుడే వెలుగు పరదా నిండా పాకుతుంది. ఫాస్లా తక్కువైతే పరదా నడుమ ఒక తేజ్ చుక్క, అంచులు చీకటి. పురుగు వీపు మీద కూడా అదే కనబడుతుంది. అలాంటప్పుడు మొదటి పరదాకు ముందు, నడిమధ్య, ఇంకో చిన్న కాగితం ముక్క పెడితే ఆ చుక్క విరిగిపోతుంది.

సామాను సంగతి చెప్పాలంటే మన ఇళ్ళలో లేనిది ఏముంది? శాదీ రుఖాల తెల్ల కవర్లు, థర్మోకోల్ పలకలు, ట్రేసింగ్ పేపరు, ఐస్‌క్రీమ్ డబ్బా తెల్ల మూత, బిర్యానీ పార్సెల్‌తో వచ్చే వెండి రేకు. మా భాంజీ ఒక పెద్ద రుఖా కవరు విప్పి, లోపలి పక్కలకు రేకు అతికించి, ముందు ట్రేసింగ్ పేపరు రెండు పొరలు పెట్టి ఫ్లాష్‌కు తొడిగింది. చూడటానికి చాట లాగుంది, ఇంట్లో అందరూ నవ్వారు. రేకు వృథాగా పోయే వెలుగును వెనక్కి తిప్పి పరదా మీదికే తోస్తుంది. ఒక పొర కాగితం సగం దాకా వెలుగు తింటుంది కాబట్టి ఈ రేకు అలంకారం కాదు, జరూరత్. ఇంకో సంగతి, కాగితం ఖాలిస్ తెల్లగా ఉండాలి. గోధుమ రంగు, మీగడ రంగు కవర్లు వాడితే జీరంగి పచ్చదనానికి పసుపు పట్టేస్తుంది. పురుగు కింద, పొట్ట వైపు, ఒక చిన్న తెల్ల కాగితం పెడితే కాళ్ళ కింది చీకటి కూడా పోతుంది.

పెద్ద కెమెరా ఉన్నవాళ్ళకు రెండు మాటలు. పురుగును దాని అసలు సైజులో సెన్సర్ మీదికి తెచ్చినప్పుడు, ఎఫ్/11 పెట్టినా ఫోకస్‌లో ఉండేది ఒక మిల్లీమీటరుకు కొంచెం పైన. అందుకే ఇంత వెలుగు కావాలి, అందుకే ఫ్లాష్ లేకుండా చేతిలో పట్టుకుని తీయడం ముష్కిల్. ఎఫ్/22కి పోతే ఫోకస్ పెరుగుతుంది గానీ తస్వీర్ మొత్తం మెత్తబడుతుంది. దగ్గరి ఫొటోల్లో ఎఫ్/11 అంటేనే లెక్కకు ఎఫ్/22 అయి కూర్చుంటుంది. ఎఫ్/8 నుంచి 11 మధ్య ఆగండి. ఫ్లాష్ పవర్ మీ చేతిలో పెట్టుకోండి, 1/16, 1/8, అలా. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేలవ వంతే, గాలికి ఆకు ఊగినా పురుగు కదలనట్టే పడుతుంది. తీశాక స్క్రీన్ మీద మండిన చోట్లు మిణుకుమిణుకుమని చూపే సౌకర్యం ఉంటే ఆన్ చేసుకోండి. మిణుకుమంటే ఒక మెట్టు తగ్గించి మళ్ళీ తీయడమే. వెనక నల్లగా వస్తోందంటే వెలుగు అంత దూరం పోవడం లేదని అర్థం. పరదాకు పురుగు 10 సెంటీమీటర్ల దూరంలో, వెనకాల కొమ్మ 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కొమ్మకు అందేది సుమారు 25వ వంతు. వెనక దగ్గరగా ఒక పచ్చ ఆకు పట్టుకుంటే సరి.

ఫోన్ వాళ్ళకు ఇంకా ఆసాన్. ఫోన్ ఫ్లాష్‌ను పూర్తిగా బంద్ చేయండి. అది లెన్స్‌కు వేలెడు దూరంలో ఉన్న బియ్యపు గింజంత దీపం, దాన్ని బాగుచేసే తరీకా లేదు. ఇంకో ఫోన్ టార్చి వేసి, తెల్ల కాగితం అడ్డం పెట్టి, తమ్ముడో చెల్లెలో పట్టుకోవాలి. ఫోన్‌ను పురుగు మీదికి తోసేయకుండా, కొంచెం వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడండి. మరీ దగ్గరికి పోతే ఫోనే ఛత్రీలాగా వెలుగును అడ్డుకుంటుంది. మోచెయ్యి నేల మీదో మోకాలి మీదో ఆనించాలి, టార్చి వెలుగు ఫ్లాష్ అంత ఉండదు కాబట్టి.

ఇక యాప్ సంగతి. దీని మీద నాకు గుస్సా ఉంది, దాచుకోను. మచ్చ మండిన చోట తస్వీర్‌లో ఏమీ ఉండదు. ఖాలీ తెలుపు, అంతే. యాప్ ఆ ఖాలీ జాగాలో చుట్టుపక్కల చూసి, తన దిమాగ్‌తో ఒక వీపు గీసి పెడుతుంది. జీరంగి రెక్క తొడుగు మీద సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు ఉంటాయి, కొన్ని జాతులకు మచ్చలు ఉంటాయి. ఏ జాతి ఏదో తేల్చేది అవే. యాప్ గీసిన గుంటలు ఆ పురుగువి కావు. ఇంట్లో గోడకు తగిలించుకోవడానికి అయితే మీ ఇష్టం. కానీ అదే తస్వీర్‌ను ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టి "ఫలానా తారీఖున శామీర్‌పేటలో చూశాను" అంటే అది ఝూటీ గవాహీ. తెల్ల మచ్చ ఉన్న అసలు తస్వీర్ పెట్టడం దానికన్నా ఎంతో బెహతర్.

ఈ గవాహీ మాట ఊరికే అనడం లేదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఏం జరుగుతోందో మనందరికీ కనబడుతోంది. ఒకప్పుడు రాళ్ళూ తుమ్మలూ రేగు పొదలూ ఉన్న చోట ఇప్పుడు గేటు, రెండు పక్కలా సిమెంటు సింహాలు, లోపల నంబరు రాళ్ళు. రాజీవ్ రహదారి వెంట తూముకుంట నుంచి తుర్కపల్లి దాకా పోతే జీనోమ్ వ్యాలీ కంపెనీలు, అటు మేడ్చల్ హైవే మీద గోదాములు. రోజ్‌గార్ వచ్చింది, మన పిల్లలూ అక్కడ పని చేస్తున్నారు, నేను శికాయత్ చేయడం లేదు. కానీ జీరంగి తినేది తుమ్మ ఆకు. తుమ్మను ముళ్ళ చెట్టు అని జేసీబీతో మొదట పీకేస్తారు. ప్లాట్లలో తర్వాత నాటే బాదం చెట్టు, పామ్ చెట్టు జీరంగికి దస్తర్‌ఖాన్ కాదు. జవహర్ డీర్ పార్కులో, కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో, చెరువు కట్ట పక్కన ఇంకా ఏ పురుగులు బతికి ఉన్నాయో చెప్పగలిగేది అక్కడ తిరిగే పిల్లల తస్వీర్లే. అందులో వీపు మీది గుంటలు లెక్కపెట్టగలిగితే అది సబూత్. తెల్ల మచ్చ ఉంటే అది "ఏదో పచ్చ పురుగు".

ఇంత చెప్పాక, ఎదుటి వైపు అతిని కూడా చెప్పాలి. కొందరు మచ్చ మీద పగతో చమక్ మొత్తాన్నీ చంపేస్తారు. ఫ్లాష్ ముందు ఒక పోలరైజర్ రేకు, లెన్స్ ముందు దానికి అడ్డంగా ఇంకో పోలరైజర్. ఈ హిక్మత్ నల్ల చీమ మీద, మామూలు గోధుమ రంగు పురుగు మీద గజబ్‌గా పని చేస్తుంది, మెరుపు పోయి కింద ఉన్న రంగు బయటపడుతుంది. జీరంగి మీద చేస్తే మాత్రం పురుగు మసిబారిన బొగ్గులాగా వస్తుంది. ఎందుకంటే దానికి కింద వేరే రంగు లేదు. ఆ పచ్చదనం రంగు పూసినది కాదు, ఉల్లిపాయ పొరల్లాగా కంటికి కనబడనంత పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి ఉండి, ఒక్కో పొర నుంచి వెనక్కి వచ్చే వెలుగు కలిసి పుట్టే పచ్చదనం. సబ్బు బుడగ మీది రంగుల్లాంటిది. మెరుపే దాని రంగు. మెరుపు ఆపేస్తే రంగు ఆగిపోతుంది. అమెరికా సైన్సుదాన్ ఆల్బర్ట్ మైకెల్సన్, వెలుగు వేగం కొలిచిన మనిషి, 1911లో ఇలాంటి లోహపు రంగుల పురుగుల మీద పరిశోధన చేసి, ఒక పేడపురుగు జాత బంధువు వీపు నుంచి వచ్చే వెలుగు మర మేకులాగా మెలితిరిగి వస్తుందని చూశాడు. అలాంటి పురుగుల మీద పోలరైజర్ హిసాబ్ ఇంకా తారుమారు అవుతుంది. కాబట్టి మండిన మచ్చను పరచాలి, చమక్‌ను ఉండనివ్వాలి. పరదా సరిగ్గా పెడితే జీరంగి వీపు మీద మెత్తటి తెల్లని వంపు ఒకటి మిగులుతుంది. దాన్ని కూడా తీసేయాలని జిద్ వద్దు. ఆ వంపే చూసేవాడికి వీపు గుండ్రంగా ఉందని చెబుతుంది.

ఈ చమక్ విలువ మన కారీగర్లకు ఎప్పుడో తెలుసు. మొఘల్ జమానా నుంచి జీరంగి రెక్క తొడుగులను కత్తిరించి, సూదితో చిల్లులు పెట్టి, జరీతో కలిపి మల్‌మల్ మీద కుట్టేవారు. 19వ శతాబ్దంలో మద్రాసు నుంచి అలాంటి బట్టలు విలాయత్ దాకా పోయేవి. 1888లో లండన్‌లో ఎలెన్ టెర్రీ అనే నటి లేడీ మెక్‌బెత్ వేషానికి వేసుకున్న గౌను నిండా ఇవే రెక్కలు. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ వేసుకున్న నెమలి గౌనులో ఒక్కో నెమలి కన్ను నడుమ ఒక జీరంగి రెక్క, చుట్టూ మన జర్దోజీ కారీగర్ల జరీ. వందేళ్ళు దాటినా ఆ పచ్చదనం వెలిసిపోలేదు, వెలిసిపోవడానికి అది రంగు అయితే కదా. మరి అప్పుడు మహఫిల్‌లో ఆ చిన్న దీపాల చుక్కలు అందంగా ఉండేవి, ఇప్పుడు ఫొటోలో అదే చుక్క ఎందుకు ఖరాబ్ అని అడగొచ్చు. మనిషి కదిలితే చుక్క కదులుతుంది, కన్ను వెంటపడి మొత్తం వీపును చూసేస్తుంది. తస్వీర్‌లో చుక్క కదలదు. నిలబడిపోయి, తన కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది.

"ఈ పురుగుల తస్వీర్లతో ఫాయిదా ఏంటి?" అని ఒక ఆపా అడిగారు. ఫాయిదా కోసమే అయితే, లాడ్ బజార్ లక్క గాజులు, మోతీల దండలు, జర్దోజీ జాకెట్లు వాట్సాప్‌లో అమ్ముకునే మన ఆపాల తస్వీర్లు ఒకసారి చూడండి. ప్రతి గాజు మీద అదే తెల్ల చుక్క, ప్రతి మోతీ మీద ఫోన్ మొహం. జీరంగికి పనికొచ్చిన రుఖా కవరు గాజులకూ పనికొస్తుంది. ఆ ఆపా కూతురు ఇప్పుడు అమ్మీ గాజులకు పరదా పట్టుకుంటోంది, పగారం లేకుండా.

బీర్ బహూటీకి, అదే మన ఆరుద్ర పురుగుకు, ఈ తిప్పలేమీ లేవు. దాని మఖ్మల్ వెంట్రుకలు వెలుగును నలువైపులా చల్లేస్తాయి, ఫ్లాష్ కొట్టినా మచ్చ రాదు. చిన్న పిల్లలకు మొదట దాంతో ఆదత్ చేయండి.

ఒక్క విషయంలో సఖ్తీగా ఉండాలి. పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టడం, మందు కొట్టడం, చంపి కొమ్మకు అతికించడం, ఇవన్నీ జుల్మ్. పైగా పని కూడా జరగదు. లొట్టపీసు మీది తాబేలు పురుగు బంగారం దాని పొరల్లోని తడి వల్ల వచ్చేది. చచ్చి ఎండిపోతే బంగారం పోయి ఎండుటాకు రంగు మిగులుతుంది. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి జీరంగిని దాచుకోవడం మన తరానికి ఖేల్, దారం కట్టి ఎగరేయడం కూడా. ఇప్పటి పిల్లలకు ఆ ఖేల్ నేర్పకండి, అప్పుడు ఉన్నన్ని తుమ్మలు ఇప్పుడు లేవు.

చంపకుండా కదలనివ్వకపోవడానికి తరీకా ఉంది. ఫజర్ అయిన వెంటనే బయల్దేరాలి. రాత్రి చల్లదనానికి పురుగు ఒళ్ళు ఇంకా బిగుసుకుని ఉంటుంది, ఎండ పడేదాకా కొమ్మ పట్టుకుని అలాగే కూర్చుంటుంది. ఆల్వాల్ నుంచి శామీర్‌పేటకు ఆ వేళ ట్రాఫిక్ కూడా ఉండదు. కాళ్ళకు బూట్లు వేసుకోండి, పొదల్లో చెయ్యి పెట్టే ముందు కట్టెతో కదపండి, వానాకాలం రక్తపింజరులు కూడా అక్కడే ఉంటాయి. గేటు ఉన్న వెంచరైతే వాచ్‌మన్ చాచాకు సలాం చెప్పి, ఇజాజత్ తీసుకుని లోపలికి పొండి. చెరువు పక్క తుమ్మల్లో, పడమటి వైపు నీడ పట్టిన కొమ్మల మీద ముందు వెతకండి, ఎండ అక్కడికి ఆఖర్లో వస్తుంది.